పోపుల డబ్బా ఎవరు సర్దారు?

మీరు నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళి వచ్చారనుకోండి. ఆ నాలుగు రోజుల్లో ఇంట్లోవాళ్ళు మీ మీద ప్రేమతోనే వంటిల్లంతా కడిగి, తుడిచి, సర్దిపెట్టారు. డబ్బాలన్నీ తళతళా మెరిసిపోతున్నాయి. సంతోషమే! పొయ్యి మీద మూకుడు పెట్టి, నూనె కాగాక అలవాటుగా ఆవాల కోసం చెయ్యి పెడితే... అక్కడ మెంతులున్నాయి. జీలకర్ర ఉండాల్సిన చోట వాము. ఇంగువ అసలు కనిపించదు. ఇక్కడ నూనె మాడిపోతోంది. "ఇంత చక్కగా సర్దిపెడితే ఇంకా మొహం అలా పెడతావేం?" అని పక్కనుంచి ఒక మాట. అప్పుడు మీకెలా ఉంటుంది?

2025 డిసెంబరులో ఒక ఉదయం నాకు సరిగ్గా అలాగే ఉండింది. కాకపోతే సర్దింది వంటిల్లు కాదు, నా కంప్యూటరు.

అర్ధరాత్రి అతిథులు

మేముండేది శంషాబాద్‌లో. ఎయిర్‌పోర్టు దగ్గర ఇల్లున్న వాళ్ళ సంగతి మీకు తెలుసో లేదో! చుట్టాల్లో ఎవరు విమానం ఎక్కాలన్నా ముందు మా ఇంట్లో దిగుతారు. సూట్‌కేసులు తూకం వేసేది మా హాల్లోనే. పచ్చడి సీసాలకు ప్లాస్టిక్ కవర్లు చుట్టేది మా వంటింట్లోనే. అమెరికా విమానాలు చాలామటుకు తెల్లవారుజామునే కాబట్టి అర్ధరాత్రి పెరుగన్నం కలిపిపెట్టడం నాకు అలవాటైపోయింది.

అలాగే ఆ రోజు మా మరిది వచ్చాడు. డల్లాస్‌లో ఉద్యోగం. నెల రోజుల సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు. మంచివాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసి వెళ్ళడం అతని అలవాటు. ఒకసారి కుళాయి, ఒకసారి ఇన్వర్టరు. ఈసారి అతని కన్ను నేను కూర్చునే మూల మీద పడింది.

"వదినా, దీనికి ఇగ అప్‌డేట్లు రావు. బ్యాంకు పన్లన్నీ దీంట్లనే చేస్తున్నరు గదా! ఎవడన్నా లోపలికి దూరితే ఎట్ల? నేను పోయేలోపల కొత్తది ఏసిపోత" అన్నాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్ళలో వాడుకునేవాళ్ళు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని కూడా ప్రకటించారు. తాళం పాడైన తలుపుకు కొత్త తాళం వేయించుకోవడం మంచిదే కదా! నేనూ సరేనన్నాను. "నా కథలు పోవు కదా?" అని మాత్రం అడిగాను.

"డాక్యుమెంట్స్ అన్నీ పెన్‌డ్రైవ్‌ల ఏసిన వదినా. పొద్దున లేచేసరికి తయారుంటది" అని నవ్వాడు. అర్ధరాత్రి దాటాక బొట్టు పెట్టి, చేతిలో పులిహోర డబ్బా పెట్టి సాగనంపాం.

పొద్దున్నే తయారుగానే ఉంది. కొత్త పెళ్ళికూతురిలా ధగధగలాడుతోంది. చేసిపెట్టినవాడు మాత్రం సముద్రం మీద, ఆకాశంలో ఉన్నాడు. మధ్యలో దుబాయిలో విమానం మారి, డల్లాస్ చేరి, నిద్రపోయి లేచేదాకా అతను దొరకడు!

ఎక్కడ మొదలు, ఎక్కడ మెంతులు

మొదట చిన్న చిన్న చిరాకులు. ఎడమవైపు మూలన ఉండాల్సిన స్టార్టు బొమ్మ నడిమధ్యకు వచ్చి కూర్చుంది. చెయ్యి పాత మూలకే పోతోంది. మౌస్ కుడి బటన్ నొక్కితే 'కాపీ', 'పేస్ట్' అన్న మాటల బదులు చిన్న చిన్న బొమ్మలు వరుసగా వచ్చాయి. కత్తెర బొమ్మ ఏదో, కాగితాల బొమ్మ ఏదో కళ్ళజోడు సవరించుకుని చూడాల్సి వచ్చింది. పదేళ్ళ నాటి ప్రింటరు నేనెవరో తెలియనట్టు మొహం తిప్పుకుంది. కరెంటు బిల్లు కట్టబోతే బ్రౌజరు దాచిపెట్టిన పాస్‌వర్డులు ఒక్కటీ లేవు. "మర్చిపోయారా?" అని అడుగుతుంది. నేను మర్చిపోలేదమ్మా, నువ్వే మర్చిపోయావు!

ఇవన్నీ వారం రోజుల్లో అలవాటయ్యేవే. కొత్త కోడలు అత్తారింట్లో స్విచ్చులు నేర్చుకున్నట్టు నేర్చుకుంటాం. నా గుండె జారింది ఆ తర్వాత.

కథల ఫైలు తెరిచాను. తెలుగు లేదు! పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు. కొన్నిటి మీద టోపీలు, కొన్నిటి కింద తోకలు, మధ్యలో పౌండు గుర్తులు, ప్రశ్నార్థకాలు. రెండో ఫైలు తెరిచాను. అదే! మూడోదీ అదే. పదహారేళ్ళుగా మధ్యాహ్నాలు అంట్లు తోమి, బట్టలు మడతపెట్టి, పిల్లవాడు బడినుంచి వచ్చేలోపు దొరికిన గంటన్నరలో రాసుకున్న ముప్పై ఏడు కథలు. వాటిలో పత్రికల్లో అచ్చయినవి పదకొండే. మిగతావి ఇంకెక్కడా లేవు.

కథలకంటే విలువైనది ఇంకొకటి కూడా ఉంది. అది మా అత్తమ్మ మాట.

ఆకాశం మనకొచ్చింది

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, గుర్తుంది కదా! మా శంషాబాద్‌లో రాత్రింబగళ్ళు తల మీదినుంచి పోయే ఆ హోరు ఒక్కసారిగా నిలిచిపోయింది. మేడ మీద వడియాలు పెడుతూ అత్తమ్మ పైకి చూసి అంది: "ఇగో బిడ్డా, ఇన్నేండ్లకు మన ఆకాశం మనకొచ్చింది."

ఆ రోజు మొదలుపెట్టింది చెప్పడం. ఇక్కడి విమానాశ్రయం 2008 మార్చి 23న నడవడం మొదలైంది. అంతకుముందు హైదరాబాద్ విమానాలన్నీ బేగంపేట నుంచే. కొత్తదాని కోసం చుట్టుపక్కల ఊళ్ళలో దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నారు. అందులో అత్తమ్మ పుట్టింటివాళ్ళ రెండెకరాల చెలక కూడా ఉంది. అది రన్‌వే కింద పోయిందో, కార్లు నిలిపే చోటి కింద పోయిందో ఆమెకే తెలియదు. చెలక పోయింది కానీ ఆమె నోట్లో అంతా ఉంది. ఏ బావిలో నీళ్ళు తియ్యన, ఏ గట్టు మీద సీతాఫలాలు ముందు పండేవి, ద్రాక్షతోటల్లో కూలికి పోతే ఎంత ఇచ్చేవాళ్ళు, కాయ తెంపేటప్పుడు దుమ్ము పోకుండా ఎలా పట్టుకోవాలి, శ్రీరామనవమికి అమ్మపల్లి గుడికి ఎవరెవరు కలిసి నడిచి పోయేవాళ్ళు...

మొదటి పద్నాలుగు పేజీలు నోటుబుక్కులో రాశాను. ఆమె మాటల వేగానికి చెయ్యి అందక, కంప్యూటరు ముందు కూర్చుని ఆమె చెబుతుంటే కొట్టేశాను. మొత్తం యాభై ఎనిమిది పేజీలు. 2022లో అత్తమ్మ పోయింది. ఆ గొంతు మాకు రికార్డు చేసుకోవాలని కూడా తోచలేదు. ఉన్నదల్లా ఆ పేజీలే.

ఆ పేజీల్లోనూ ఇప్పుడు టోపీలూ, తోకలూ!

మావారికి ఫోను చేశాను. ఆయన కార్గోలో షిఫ్టులో ఉన్నారు. "కథలే గదా, మళ్ళా రాసుకుంటే పోలే! మెల్లగ చూద్దాం తియ్యి" అన్నారు. పదో తరగతి చదివే మావాడు బడికి పోతూ పోతూ "అమ్మా, ఈ కాలంల ఆ పాత ఫాంటు ఎవరు వాడతరు?" అని చెప్పులేసుకున్నాడు. ఇద్దరిదీ చెడ్డ మనసు కాదు. కానీ నిజం చెప్పండి, ఆఫీసు ఫైలు పోతే అదే మాట అంటారా? మన పని మాత్రం ఎప్పుడూ 'మళ్ళా చేసుకుంటే పోయేదే'!

అసలెందుకలా అయ్యింది?

తర్వాత నేను అడిగి, చదివి తెలుసుకున్నది మీకూ చెబుతాను. నాలా పాత పద్ధతిలో తెలుగు టైపు నేర్చుకున్న అక్కచెల్లెళ్ళు ఇంకా చాలామందే ఉంటారు.

నేను డిగ్రీ అయ్యాక షాద్‌నగర్‌లో ఒక డీటీపీ సెంటర్లో తెలుగు టైపు నేర్చుకున్నాను. అప్పట్లో శుభలేఖల దగ్గర్నుంచి పత్రికల దాకా అందరూ వాడేది ఒక తరహా తెలుగు ఫాంట్లే. మన అక్షరాలకు గుణింతాలు, వత్తులు కలిపితే వందల ఆకారాలు. ఆ ఫాంట్లలో ఉండే గళ్ళు మాత్రం 256. అందుకని మన అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఒక్కో ముక్కను ఇంగ్లీషు అక్షరమో, గుర్తో ఉండే గడిలో కూర్చోబెట్టారు. కంటికి తెలుగే కనిపిస్తుంది, కంప్యూటరు లోపల దాచుకునేది మాత్రం ఇంగ్లీషు గుర్తులనే. పైగా ఏ ముక్కను ఏ గడిలో పెట్టాలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

పోపుల డబ్బా లాంటిదే అనుకోండి! నా డబ్బాలో ఏ గిన్నెలో ఏముందో నా చేతికి తెలుసు. గిన్నె మీద పేరు రాసి ఉండదు. నేను లేనప్పుడు ఆ డబ్బా ఇంకొకరి చేతికిస్తే? ఫాంటు లేని ఫైలు గతి అదే.

యూనికోడ్ అలా కాదు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య శాశ్వతంగా కేటాయించారు. అంటే గిన్నె గిన్నెకూ పేరు రాసిపెట్టినట్టు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి 128 గళ్ళు ఇచ్చారు. అందులో 'క' అన్నది ఏ ఫోనులో, ఏ దేశంలో, ఏ ఫాంటులో చూసినా 'క'నే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే 'గౌతమి' అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. మనం రోజూ ఫోనులో వాట్సాప్‌లో కొట్టే తెలుగంతా యూనికోడే.

మరి నేనెందుకు మారలేదు? అలవాటు! నా వేళ్ళకు ఆ పాత కీబోర్డు వచ్చు. దానికోసమే 2018లో సికింద్రాబాద్‌లో ఈ కంప్యూటరు కొన్నప్పుడు షాపతన్ని బతిమాలాను. "మేడమ్, మీ పాత తెలుగు సాఫ్ట్‌వేర్ నడవాలంటే 32 బిట్ సిస్టమ్ వేయాలి" అని అతను అలాగే వేసిచ్చాడు. ఆ సంగతి నేను మర్చేపోయాను. విండోస్ 11 వచ్చింది 64 బిట్‌లో మాత్రమే. 32 బిట్ మీద దాన్ని మామూలు అప్‌డేట్‌లా పైపైన వేయడం కుదరదు. పాతదంతా తుడిచి కొత్తగా వేయాల్సిందే. మా మరిది చేసింది అదే. తుడిచినప్పుడు నా ఫాంట్లూ పోయాయి, కీబోర్డు సాఫ్ట్‌వేరూ పోయింది. దాని సీడీ బీరువాలో ఉంది. పెట్టి చూస్తే కొత్త సిస్టమ్ దాన్ని తీసుకోనంది.

తప్పెవరిది? కొత్త సిస్టమ్‌ది కాదు. మరిదిదీ కాదు. అతనికి 32 బిట్ కనిపించింది కానీ, అది ఎందుకుందో తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు. నన్నెవరూ అడగనూ లేదు.

చేతిరాత బోర్డింగ్ పాసు

ఆ సాయంత్రం ఏడుపు ఆపుకుంటూ పాత డైరీలు తిరగేస్తుంటే ఒక కాగితం జారిపడింది. మా పెద్దక్క బోర్డింగ్ పాసు. చేత్తో రాసింది!

2024 జులై 19, శుక్రవారం. అక్క ఢిల్లీ వెళ్ళాలి. దింపడానికి నేనూ వెళ్ళాను. లోపల ఎక్కడ చూసినా వరుసలే. అంతకు కొన్ని గంటల ముందు, మన టైములో ఉదయం తొమ్మిదిన్నర దాటాక, ఒక అమెరికన్ కంపెనీ తన భద్రతా సాఫ్ట్‌వేరుకు చిన్న అప్‌డేట్ పంపింది. అందులో లోపం ఉంది. అది అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ నీలం తెరే. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ప్రపంచమంతటా 85 లక్షల కంప్యూటర్లు అలా పడిపోయాయి. చూడ్డానికి అది మొత్తం విండోస్ కంప్యూటర్లలో నూటికి ఒకటి కంటే తక్కువే. కానీ అవి ఉన్నది విమానాశ్రయాల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో! గంటన్నర లోపే ఆ కంపెనీ లోపం సరిచేసి మళ్ళీ పంపింది. అయితే అప్పటికే పడిపోయిన వాటిలో చాలావాటి దగ్గరికి మనిషి వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ చేత్తో లేపాల్సి వచ్చింది.

ఆ రోజు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు చేతిరాత బోర్డింగ్ పాసులిచ్చారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఢిల్లీలో తెల్లబోర్డు మీద మార్కరుతో విమానాల వివరాలు రాశారు. మా అక్క పాసు మీద ఉన్నవల్లా పేరు, విమానం నంబరు, తేదీ, సీటు. అంతే! ఆలస్యమైనా అక్క ఢిల్లీ చేరింది.

ఆ కాగితం పట్టుకుని కూర్చుంటే నాకో ఆలోచన తట్టింది. అంత పెద్ద విమానాశ్రయం ఆ పూట కాగితం మీదికి ఎలా రాగలిగింది? పాసు మీద ఏమేం రాయాలో అక్కడి మనుషులకు తెలుసు కాబట్టి. యంత్రం ఆగినా పని ఏమిటో తెలిసిన మనిషి ఉంటే బండి నడుస్తుంది. మరి నా కంప్యూటర్లో ఏముందో, ఏది దేనిమీద నడుస్తుందో నేనెప్పుడైనా ఒక కాగితం మీద రాసుకున్నానా? పోపుల డబ్బాలో ఏ గిన్నెలో ఏముందో నిద్రలో అడిగినా చెప్పే నేను!

లేచి మొహం కడుక్కున్నాను. నోటుబుక్కు తీసి రాశాను: ఫైళ్ళు ఎన్ని, ఏ ఫాంటులో ఉన్నాయి, ఏ ఏడాదివి, ఎక్కడ అచ్చయ్యాయి, ప్రింటు ఉన్నవి ఏవి. రెండు పేజీలయ్యింది. అప్పటికి సగం బెంగ తీరింది.

గొలపలి అంటే ఏ ఊరు?

మర్నాడు పెన్‌డ్రైవ్ కొంగున కట్టుకున్నంత పని చేసి బస్సెక్కాను. ఆరాంఘర్ మీదుగా అఫ్జల్‌గంజ్, అక్కణ్ణుంచి చిక్కడపల్లి. అక్కడి గల్లీల్లో పాత డీటీపీ షాపులు ఇంకా ఉన్నాయి. మూడో షాపులో ఒకతను నా ఫైలు చూసి, "ఇది పాత ఫాంటక్కా, మా దగ్గర ఉంది" అన్నాడు. మూలనున్న పాత కంప్యూటరు వేశాడు. ఫైలు తెరిచాడు.

తెర మీద తెలుగు!

"ఇగో బిడ్డా, ఇన్నేండ్లకు మన ఆకాశం మనకొచ్చింది" అన్న మొదటి వాక్యం కనిపించేసరికి నాకు కళ్ళనీళ్ళాగలేదు. అతను పాపం కంగారుపడి మంచినీళ్ళిచ్చాడు.

పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చే సాఫ్ట్‌వేరు అతని దగ్గర ఉంది. రెండు గంటల్లో అన్నీ మార్చిచ్చాడు. కానీ అంతటితో అయిపోలేదు. అక్షరాలు ముక్కలుగా ఉన్నాయని చెప్పాను కదా, మార్చేటప్పుడు కొన్ని ముక్కలు జారిపోతాయి. వత్తులు ఎగిరిపోయాయి. 'అత్తమ్మ' 'అతమ' అయ్యింది. 'గొల్లపల్లి' 'గొలపలి' అయ్యింది. 'గట్టు' 'గటు' అయ్యింది.

పదకొండు రాత్రులు కూర్చుని యాభై ఎనిమిది పేజీలూ వత్తు వత్తు ఏరుకుంటూ దిద్దాను. బియ్యంలో రాళ్ళేరినట్టు! ఒక సంగతి చెప్పనా? ఆ దిద్దుబాటులోనే అత్తమ్మ మాటలు నేను మొదటిసారి నిజంగా చదివాను. టైపు చేసినప్పుడు చెవి నుంచి వేళ్ళకు పోయాయంతే. ఇప్పుడు 'ద్రాక్ష కాయ తెంపేటప్పుడు తొడిమె పట్టాలె గని కాయను ముట్టొద్దు, దాని మీది దుమ్ము పోతే ధర పోతది' అన్న మాట దగ్గర ఆగి, ఆ చేతుల్ని తలుచుకున్నాను.

అన్నీ దొరికాయా అంటే, ఒకటి దొరకలేదు. అమ్మపల్లి నడక మీద అత్తమ్మ చెప్పిన రెండు పేజీలు డాక్యుమెంట్స్‌లో కాక, తెర మీద విడిగా పెట్టుకున్నాను. రోజూ కంటికి కనపడాలని! మరిది డాక్యుమెంట్స్ మాత్రమే తీసుకున్నాడు. తుడిచేసిన డిస్కులోంచి వెతికి తీయాలని షాపతను తర్వాత ఇంకో రోజంతా ప్రయత్నించాడు. రాలేదు. నాకు గుర్తున్నంతవరకు మళ్ళీ రాసి, కింద 'ఇది నా జ్ఞాపకం. అత్తమ్మ మాట కాదు' అని పెట్టాను. ఆ తేడా మా మనవలకు తెలియాలి కదా!

మీ ఇంట్లో ఎవరైనా 'కొత్తది వేస్తా' అంటే...

వద్దనకండి. పాత తాళంతో ఎన్నాళ్ళని ఉంటాం? కానీ 'ఒక్కరోజు ఆగు' అనండి. ఆ ఒక్కరోజులో చేసుకోవాల్సినవి ఇవి:

1. మీరు రోజూ, నెలకోసారి, ఏడాదికోసారి కంప్యూటరుతో చేసే పనులన్నీ కాగితం మీద రాయండి. పిల్లల ఫీజు, గ్యాసు, చీటీ లెక్కలు, కుట్టు డిజైన్లు, కథలు... ఏదైనా సరే.

2. ఫైళ్ళు రెండు చోట్ల కాపీ చేయండి. ఒకటి పెన్‌డ్రైవ్ లేదా విడి హార్డ్‌డిస్కు, ఇంకొకటి ఇంటర్‌నెట్‌లో. డాక్యుమెంట్స్ ఒక్కటే చాలదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, ఫొటోలు కూడా చూడండి. కాపీ అయినవి వేరే కంప్యూటర్లో తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించండి.

3. పాత తెలుగు ఫాంటులో ఉన్నవాటిని, ఫాంటు పనిచేస్తుండగానే పీడీఎఫ్ చేసుకోండి. ముఖ్యమైనవి ప్రింటు తీయండి. వీలైతే యూనికోడ్‌కు మార్పించి, చదివి దిద్దుకోండి. ఫాంట్లను కూడా కాపీ చేసి పెట్టుకోండి.

4. 'పైన వేస్తున్నావా, తుడిచి వేస్తున్నావా?' అని తప్పకుండా అడగండి. విండోస్ 10 పైన 11 వేస్తే, నచ్చకపోతే మామూలుగా పది రోజుల్లోపు పాతదానికి వెళ్ళే వీలుంటుంది. తుడిచి వేస్తే ఆ దారి లేదు.

5. పాస్‌వర్డులు బ్రౌజరు మీదే వదిలేయకండి. నోటుబుక్కులో రాసి, నగల దగ్గర దాచండి. డిస్కుకు రహస్య తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అదీ రాసుకోండి.

6. ప్రింటరు, స్కానరు కొత్త సిస్టమ్‌తో పనిచేస్తాయో లేదో ముందే కనుక్కోండి.

7. వేసేవాళ్ళు విమానం ఎక్కే రోజు మాత్రం వేయించకండి!

ఇప్పుడు నేను యూనికోడ్‌లోనే రాస్తున్నాను. ఇన్‌స్క్రిప్ట్ అని భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో ఉండే కీబోర్డు ఉంది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. అది నేర్చుకుంటున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ వేళ్ళు మొరాయిస్తున్నాయి. పేజీ కొట్టడానికి మునుపు పావుగంట, ఇప్పుడు ముప్పావుగంట. అయినా ఫరవాలేదు. ఈ వ్యాసం అందులో కొట్టిందే.

సంగతంతా విన్నాక మా మరిది చాలా బాధపడ్డాడు. "వదినా, నన్ను తిట్టు" అన్నాడు. తిట్టలేదు. "వచ్చేసారి ముట్టుకునేముందు అడుగు" అన్నాను. మొన్న వీడియో కాల్‌లో మావారి ఫోను మార్చే మాట వచ్చింది. "అన్నా, ఆగు. దాంట్ల ఏమేం ఉన్నయో ముందు కాగితం మీద రాయి" అని డల్లాస్ నుంచి మరిది. మావారు కాగితం కోసం వెతుకుతుంటే నా నోటుబుక్కులోంచి ఒకటి చింపిచ్చాను.

ఇంతకీ మీ ఇంటి కంప్యూటర్లో మీది ఏముంది? ఈ పేజీ పక్కన పెట్టేలోపే, ఒక్కసారి తెరిచి చూడండి.